ఫ్రిజ్ ఆగింది... పార్ట్ లేదన్నారు!

‘కొత్త ఫ్రిజ్ వేయించుకోవాల్సిందే. రావడానికి పన్నెండు వారాలు పట్టొచ్చు’ అన్నాడు సర్వీస్ సెంటర్ అతను. 2022 ఎండాకాలం, డాలస్. మా పాత మోటార్‌హోమ్‌లో ఫ్రిజ్ పనిచేయడం లేదు. చూస్తే విజయవాడ నుంచి వచ్చిన అమ్మానాన్నలతో మూడు వారాల్లో ఎల్లోస్టోన్ బయల్దేరాలి. పెరుగు లేనిదే అమ్మకి ముద్ద దిగదు. పోనీ, అది ఎలాగో సర్దుకోవచ్చు. నాన్న ఇన్సులిన్ సంగతి అలా కాదుగా! తెరవని ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్యే దాచాలి.

ఎందుకింత కరువు?

కొవిడ్ టైమ్‌లో విమానాలు, హోటళ్లు వద్దనుకున్న అమెరికన్లు చక్రాల ఇళ్ల మీద పడ్డారు. మోటార్‌హోమ్‌లు, ట్రెయిలర్లు అన్నీ కలిపి 2021లో 6 లక్షలకు పైగా తయారై డీలర్లకు చేరాయి. అదో రికార్డు. మరోపక్క చిప్‌ల కొరత, లాస్ ఏంజెలెస్ రేవు బయట క్యూ కట్టిన ఓడలు. కొత్త బండ్లకీ పాత బండ్ల రిపేర్లకీ అవే పార్టులు కావాలి. ఇంకెక్కడ దొరుకుతాయి?

వేడి పెడితే చల్లబడే ఫ్రిజ్

మా బండిలోది ఇంట్లో ఫ్రిజ్ లాంటిది కాదు. కంప్రెసర్ ఉండదు. సీల్ వేసిన గొట్టాల్లో అమ్మోనియా, నీళ్లు, హైడ్రోజన్ ఉంటాయి. గ్యాస్ మంటతోనో, కరెంటు హీటర్‌తోనో కింద వేడి పెడితే లోపల చల్లబడుతుంది. ఈ పద్ధతిని 1922లో స్వీడన్ విద్యార్థులు బాల్ట్‌జార్ వాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్ కనిపెట్టారు.

ఇది తెలిశాకే నాకు దారి దొరికింది. తెలిసిన టెక్నీషియన్‌ని పిలిస్తే, ఆయన బోర్డును పక్కనపెట్టి హీటర్‌కి నేరుగా కరెంటు ఇచ్చి చూశాడు. తెల్లారేసరికి ఫ్రిజ్ చల్లగా ఉంది! అంటే గొట్టాలు బాగున్నాయి, హీటరూ బాగుంది. పోయింది కంట్రోల్ బోర్డు ఒక్కటే. కావాల్సింది ఫ్రిజ్ కాదు, అరచేతిలో పట్టేంత బోర్డు.

పేరు కాదు, నంబర్ వెతకండి

ఫ్రిజ్ లోపలి లేబుల్, బోర్డు మీది నంబర్ ఫొటో తీశాను. ఫ్రిజ్ బ్రాండ్ పేరుతో వెతికితే అన్నిచోట్లా ‘స్టాక్ లేదు’. బోర్డు నంబర్‌తో వెతికితే, వేరే కంపెనీ చేసిన సరిపోయే బోర్డులు కూడా ఉన్నాయని తెలిసింది. పెద్ద సైట్లు వదిలేసి చిన్న ఊళ్లలోని షాపులకి ఫోన్లు కొట్టాను. పద్నాలుగో కాల్‌కి ఓక్లహోమాలో ఒక షాపాయన అల్మారాలో వెతికి ‘ఒకటుంది’ అన్నాడు.

అదీ దొరక్కపోతే? యాక్సిడెంట్ అయిన బండ్లని విప్పి పార్టులు అమ్మే యార్డులున్నాయి. గొట్టాల యూనిట్టే పోతే ఇండియానా రాష్ట్రంలోని అమిష్ పనివాళ్లని అడగొచ్చు. ఊరి కరెంటు లైను వాడని ఆ సమాజంలో గ్యాస్ ఫ్రిజ్‌లు మామూలే. అందుకే ఈ యూనిట్లు కొత్తగా తయారుచేసే వర్క్‌షాపులు అక్కడున్నాయి.

ఈ రెండూ మరవొద్దు

అమ్మోనియా ఘాటు వచ్చినా, వెనకవైపు పసుపు మరక కనిపించినా వెంటనే ఆపేయండి. అది లీకు. గ్యాస్, వైరింగ్ జోలికి సొంతంగా వెళ్లొద్దు.

మందుల కోసం రెండో ఏర్పాటు ఉండాల్సిందే. 12 వోల్టులతో నడిచే చిన్న కంప్రెసర్ ఫ్రిజ్‌ని ఫ్రెండ్ దగ్గర తీసుకుని, థర్మామీటర్ పెట్టి ఇన్సులిన్ అందులోనే ఉంచాను. ఐస్‌కి ఆనించి మాత్రం పెట్టకండి. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

కొత్త బోర్డుతో ప్రయాణమంతా ఫ్రిజ్ బాగా నడిచింది. మోటార్‌హోమే అక్కర్లేదు, ఇంట్లో వాషింగ్ మెషీన్‌కైనా ఇదే సూత్రం. ‘మొత్తం మార్చాలి’ అని ఎవరన్నా అంటే, ‘అసలు ఏ పార్ట్ పోయింది, దాని నంబర్ ఎంత’ అని అడగండి. లేబుల్ ఫొటోలు మాత్రం ఇవాళే తీసి ఫోన్‌లో దాచుకోండి.