తప్పు పైన... చిక్కు కింద!

కత్తెర పడిన పట్టుచీర మళ్లీ చీర కాదు. కూచిపూడి నాట్యానికి దుస్తులు కుట్టేవారికి ఈ సంగతి బాగా తెలుసు. రంగప్రవేశం రెండు రోజుల్లో ఉందనగా కుచ్చిళ్ల దగ్గర మిషను కటకటమని ఆగిపోయి, బట్ట తిరగేస్తే అడుగున దారం ఉండ కట్టి కనిపిస్తే... గుండె గుభేలుమంటుంది. విప్పి మళ్లీ కుడదామంటే నూలుబట్ట కాదాయె. పట్టుమీద సూది చేసిన కన్నం అంత తొందరగా మాయదు.

ఒకప్పుడు ఈ బాధ లేదు. కృష్ణాజిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడిలో పుట్టిన ఈ కళలో తరతరాలు ఆడవేషాలూ మగవాళ్లే కట్టారు. సత్యభామగా పేరుమోసిన వేదాంతం సత్యనారాయణశర్మ (1935-2012) ఆ కోవలోని వారే. కుట్టిన దుస్తులు వచ్చింది తర్వాత; అంతకుముందు చీరను ఒంటికి కట్టుకోవడమే. ఇప్పుడు చీరను కత్తిరించి పైజామాలా కుట్టి, ముందు విసనకర్రలా విచ్చుకునే కుచ్చిళ్లు అమరుస్తున్నారు. తరంగంలో ఇత్తడి పళ్లెం అంచులమీద నిలబడి అడుగులేస్తున్నా, అరమండిలో కూర్చున్నా బరువంతా పడేది కుట్లమీదే. అవి ఊడాయంటే కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడతాయి.

నడుము దగ్గర మడతమీద మడత, దానికి జరీ అంచు, లోపల లైనింగు. చిక్కులు మొదలయ్యేదీ అక్కడే.

బాబిన్ పాపం కాదు

అడుగున దారం చిక్కుపడగానే అందరి చెయ్యీ బాబిన్ కేసు మీదికే పోతుంది. స్క్రూ తిప్పేస్తారు. నిజానికి చాలాసార్లు దాని తప్పేమీ ఉండదు. 1846లో అమెరికాలో ఎలియాస్ హోవ్ పేటెంటు పొందిన నాటినుంచీ ఈ కుట్టు కిటుకు ఒకటే. సూదితోపాటు దిగిన పైదారం ఉచ్చులా మారితే, కిందిదారం అందులోంచి దూరుతుంది. ఆ ఉచ్చును పైకి లాగి బిగించేది సూదికి పైన ఎగురుతూ దిగుతూ ఉండే మీట. పైదారం టెన్షన్ బిళ్లల మధ్య కూర్చోకపోతే మీట ఎంత లాగినా రీలు నుంచి కొత్తదారం వస్తుందే తప్ప కింది ఉచ్చు బిగియదు. కుట్టుకో ఉచ్చు చొప్పున అడుగున పోగుపడుతుంది.

మందు తేలికే. దారం ఎక్కించేటప్పుడు ఫుట్ పైకెత్తి ఉంచాలి. అప్పుడే బిళ్లలు విడివడి దారాన్ని లోపలికి రానిస్తాయి. ఫుట్ దించాక దారం లాగితే బిగువు తెలియాలి. జర్రున జారిందా, మళ్లీ మొదటినుంచీ ఎక్కించాల్సిందే. స్క్రూ జోలికి వెళ్లేది ఆ తర్వాతే.

కుట్టు మొదలుపెట్టేముందు మీట పూర్తిగా పైన ఉండాలి. రెండు దారాల కొసలనూ ఫుట్ వెనక్కి లాగి, మూడు నాలుగు కుట్లు పడేదాకా వేళ్లతో పట్టుకోవాలి. పల్చటి పట్టయితే కింద తెల్లకాగితం ముక్క పెట్టి కుట్టి తర్వాత చింపేయొచ్చు. న్యూస్‌పేపరు మాత్రం వద్దు, సిరా అంటుతుంది.

తొక్కుడు మిషన్లది వేరే పేచీ. చక్రం ఒక్క చుట్టు వెనక్కి తిరిగినా దారం లోపల చుట్టుకుంటుంది. అందుకే పైచక్రాన్ని చేత్తో తనవైపు తిప్పుకుని ఆ తర్వాతే తొక్కాలి.

జరీ సూదిని తొందరగా మొద్దుబారుస్తుంది. పల్చటి పట్టుకు 11, మందపు మడతలకు 16 నంబరు వాడుకోవాలి. వేలు పోసి కొన్న చీరకు సూది దగ్గర పిసినారితనం ఎందుకో! మడతల గుట్ట వచ్చినప్పుడు తొక్కడం ఆపి చక్రాన్ని చేత్తో తిప్పడం మేలు.

ఇంత చేసినా చిక్కుపడితే బట్టను లాగొద్దు. సూదీ ఫుట్టూ పైకెత్తి, బాబిన్ కేసు తీసి, అడుగునుంచి పోగు పోగుగా కత్తిరించాలి. పీచును బ్రష్‌తో దులిపి, అదే చీర ముక్కమీద, అన్నే మడతలు వేసి నాలుగంగుళాలు కుట్టి చూసుకోవాలి. కత్తిరింపుల్లో మిగిలిన పీలికలను దుస్తులు పూర్తయ్యేదాకా ఊడ్చేయకుండా పక్కన పెట్టుకోమనేది ఇందుకే.