ఓటు లేని కుర్చీ

రెండేళ్ళ క్రితం వానాకాలంలో మా మొహల్లాలో ఒక వృద్ధురాలు మరణించారు. అసర్ నమాజ్ తర్వాత జనాజా బయలుదేరింది. ఖబరస్తాన్‌కు పోయే దారి మోకాటి లోతు నీటిలో ఉన్నది. మోస్తున్నవారు అడుగడుగూ తడుముకుంటూ నడిచారు. ముందున్న కుర్రవాని కాలు కాలువ అంచున జారింది. జనాజా ఒక పక్కకు ఒరిగింది. పక్కనున్న నలుగురు పట్టుకోబట్టి సరిపోయింది.

ఖననం ముగిసి మస్జిద్‌కు తిరిగి వచ్చాక కొందరు కౌన్సిలర్‌ను నిందించారు, మరికొందరు శాసనసభ్యుణ్ణి నిందించారు. ఒక పెద్దాయన మాత్రం ఇలా అడిగారు: “మునిసిపాలిటీలో మైనారిటీల తరఫున కోఆప్షన్ సభ్యులుంటారు గదా, మన ఊళ్ళో వారెవరు?” అక్కడున్న ఇరవై ముప్ఫై మందిలో ఒక్కరూ సమాధానం చెప్పలేకపోయారు. నాకూ తెలియదు.

ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ పురపాలక చట్టాలు ప్రతి పాలకవర్గంలో అల్పసంఖ్యాక వర్గాలకు ఇద్దరు కోఆప్షన్ సభ్యులను కేటాయించాయి. ఆ ఇద్దరిలో ఒకరు తప్పనిసరిగా మహిళ అయి ఉండాలి. వీరిని ప్రజలు ఎన్నుకోరు. గెలిచి వచ్చిన కౌన్సిలర్లే సమావేశమై ఎన్నుకుంటారు. సమావేశాల్లో కూర్చునే హక్కు, మాట్లాడే హక్కు వీరికి ఉన్నాయి. ఓటు వేసే హక్కు మాత్రం లేదు. అందుచేతనే కాబోలు, ఈ స్థానాలను చాలాచోట్ల టిక్కెట్టు దక్కని కార్యకర్తకు ఊరట బహుమతిగా ఇచ్చేస్తారు. మహిళా స్థానమైతే ఆమె పేరు రికార్డులో ఉంటుంది, కుర్చీలో భర్తగారు కనిపిస్తారు. మొహల్లా వారికి రెండూ తెలియవు.

ఓటు లేని సభ్యులు చేయగలిగిందేమిటని అనుకోవడం సహజమే. కానీ పురపాలక సంఘంలో ఒక పని ఎట్లా నడుస్తుందో చూస్తే ఆ అనుమానం చాలావరకు తీరుతుంది. రోడ్డు బాగుచేయమని మనమిచ్చిన అర్జీ ముందుగా ఇంజనీరింగ్ విభాగానికి పోతుంది. వారు అంచనా తయారు చేస్తారు. అంచనా సమావేశపు అజెండాలోకి ఎక్కాలి, తీర్మానం కావాలి, టెండరు పిలవాలి, గుత్తేదారు ముందుకు రావాలి, పని జరిగాక కొలతల పుస్తకంలో నమోదు కావాలి. ఈ మెట్లలో ఓటుతో నిమిత్తమున్నది తీర్మానం ఒక్కటే. అదీ సాధారణంగా చేతులెత్తకుండానే “ఆమోదించడమైనది” అన్న మాటతో ముగుస్తుంది. పనులు ఆగిపోయేది మిగతా మెట్ల మీద. అక్కడ కావలసింది విడవకుండా అడిగే మనిషి. “ఫలానా నెల తీర్మానం ఏమైంది?” అని నిండు సమావేశంలో అడిగి, ఆ ప్రశ్నను మినిట్స్‌లో వ్రాయించగలిగితే, ఓటు వేసి మౌనంగా కూర్చున్న సభ్యునికంటే ఆ కోఆప్షన్ సభ్యురాలి వల్లనే ఎక్కువ మేలు.

అడగవలసినవి కూడా మన ఇంటి గడపను ఆనుకొని ఉన్నవే. 1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ పాలనకు అప్పగించదగిన 18 అంశాలను పన్నెండవ షెడ్యూలులో చేర్చింది. తాగునీరు, పారిశుధ్యం, వీధి దీపాలు, జనన మరణాల నమోదు, పశువధశాలల నియంత్రణ అందులో ఉన్నాయి. శ్మశానాలు, ఖనన స్థలాలు పద్నాలుగవ అంశం. ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ఖబరస్తాన్ వక్ఫ్ భూమి అయితే ప్రహరీ లోపలి వ్యవహారం వక్ఫ్ బోర్డుది, నిర్వహణ కమిటీది. గేటు బయటి రోడ్డు, కాలువ, దీపం పురపాలక సంఘానివి. ఈ తేడా తెలియక రోడ్డు కోసం వక్ఫ్ బోర్డుకు అర్జీలు పెట్టి సంవత్సరాలు పోగొట్టుకున్న కమిటీలను నేను చూశాను. మాదీ వాటిలో ఒకటి.

రమజాన్‌లో సహ్రీ వేళకు కుళాయి నీళ్ళు రావాలంటే సరఫరా సమయం మార్చాలి. బక్రీద్ మూడు రోజులూ వ్యర్థాలు ఎత్తడానికి అదనపు వాహనాలు కావాలి. ఇవి పండుగ ముందురోజు ఫోను చేస్తే జరిగే పనులు కావు. నెల ముందు అజెండాలో ఉండాలి. పైగా మన పండుగలు ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంటాయి. కార్యాలయంలో గుమాస్తా నిరుటి ఫైలు చూసి అదే తేదీ అనుకుంటే తప్పు పూర్తిగా అతనిది కాదు, ముందుగా చెప్పనివారిది కూడా. నీళ్ళు ఎన్ని గంటలకు వస్తే ఇల్లు సాగుతుందో, ఏ మలుపులో దీపం లేక ఆడపిల్లలు ట్యూషన్ మానుకుంటున్నారో స్త్రీలకు తెలిసినంతగా పురుషులకు తెలియదు. ఆ మహిళా స్థానంలో ఆమే కూర్చోవాలనడం ఇందుకే. హజ్రత్ ఉమర్ (రజి) హయాంలో చదువు వచ్చిన షిఫా బిన్తె అబ్దుల్లా (రజి) గారికి మదీనా బజారు వ్యవహారాల్లో కొంత బాధ్యత అప్పగించినట్లు కొన్ని ఉల్లేఖనాలున్నాయి. మన ఇళ్ళలో డిగ్రీలు చదివిన కోడళ్ళు, కూతుళ్ళు ఎందరో ఉన్నారు.

తెలంగాణలో 2019 నాటి పురపాలక చట్టం ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖుల పేరిట పదిహేనేసి మందితో నాలుగు కమిటీలు ఉండాలన్నది. మీ వార్డు కమిటీలో మీ వీధివారెవరైనా ఉన్నారా? ఈ నెలలో ఒకసారి విచారించండి.

అయితే పాలకవర్గమే లేకపోతే ఈ కుర్చీ కూడా ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో చాలాచోట్ల 2014 తర్వాత పురపాలక ఎన్నికలు 2021 మార్చిలో గాని జరగలేదు. తెలంగాణలో 2020 జనవరిలో ఎన్నికైన సంఘాల గడువు 2025 జనవరిలో తీరింది, తర్వాత నెలల తరబడి ప్రత్యేకాధికారులే పాలించారు. రాజ్యాంగం అయిదేళ్ళకొకసారి అన్నదాన్ని ప్రభుత్వాలు ఇంత తేలికగా తీసుకోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

మా దారి సంగతి చెప్పాలి. ఆ పెద్దాయనే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు చట్టం క్రింద దరఖాస్తు పెట్టారు. చట్టప్రకారం ముప్ఫై రోజుల్లో ఇవ్వవలసిన జవాబు కొంత ఆలస్యంగా వచ్చింది. చదివి అందరం విస్తుపోయాము. ఆ దారికి, కాలువకు అంతకు రెండేళ్ళ ముందే తీర్మానం జరిగి ఉన్నది! టెండరు పిలిచారు, ఎవరూ రాలేదు. ఫైలు అక్కడే ఉండిపోయింది. మళ్ళీ పిలవమని అడిగినవారు లేరు.

కోఆప్షన్ సభ్యురాలెవరో అప్పుడు తెలుసుకున్నాము. మా రెండవ వీధిలోనే ఉంటారామె. మస్జిద్ కమిటీవారు వారి కుటుంబంతో మాట్లాడి, తీర్మానం నకలు ఆమె చేతికిచ్చారు. “ఇప్పటిదాకా నన్ను ఎవరూ ఏమీ అడగలేదు” అన్నారామె. అందులో నిష్ఠూరమూ ఉన్నది, నిజమూ ఉన్నది. మొదటి సమావేశంలో ఆమె ప్రశ్నకు సమాధానం రాలేదు. మరుసటి నెల అదే కాగితం పట్టుకొని మళ్ళీ లేచారు. ఆ రోజు ప్రశ్న మినిట్స్‌లోకి ఎక్కింది, టెండరు మళ్ళీ పిలిచారు.

కాలువ పూర్తయింది. సిమెంటు రోడ్డు ఖబరస్తాన్ గేటుకు రెండు స్తంభాల దూరంలో ఆగి ఉన్నది. మిగిలిన భాగానికి అంచనా వేయించే ప్రశ్న వచ్చే సమావేశానికి ఆమె వ్రాసి ఇచ్చారు.