రిపోర్టు పంపాం అంటే చేరినట్టేనా? చిన్న మెయిల్ రిలే సర్వర్ పెట్టుకుందాం

ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న మెయిల్ సర్వర్ పెడదాం. ఇది మెయిల్స్ అందుకోదు, బయటికి పంపడం ఒక్కటే దీని పని. దీన్నే రిలే అంటారు. ఫోన్‌లో జీమెయిల్ ఉండగా ఇదెందుకు అంటారా? ఒక ఉదాహరణ చూద్దాం.

సూర్యారావుపేటలో ఒక చిన్న డయాగ్నస్టిక్ ల్యాబ్ ఉందనుకోండి. నాగాయలంక నుంచి ఒక పెద్దాయన పొద్దున్నే బస్సెక్కి వచ్చి, రక్తం ఇచ్చి, మధ్యాహ్నానికి వెళ్లిపోయారు. సాయంత్రం రిపోర్టు హైదరాబాద్‌లో ఉన్న కొడుక్కి మెయిల్‌లో వెళ్లాలి. ల్యాబ్ సాఫ్ట్‌వేర్ బటన్ నొక్కిన నిమిషంలోనే నెట్ పోయింది. చాలా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు ఒక్కసారి ట్రై చేసి వదిలేస్తాయి. కౌంటర్‌లో ఉన్నవాళ్లు పంపేశాం అనుకుంటారు, అక్కడ కొడుకు ఇంకా రాలేదేంటి అనుకుంటాడు. మధ్యలో ఎవరికీ బాధ్యత లేదు. రిలే చేసేది ఆ బాధ్యత తీసుకోవడమే.

రిలే ఇచ్చే మాట

మెయిల్ పంపడానికి వాడే పద్ధతి పేరు ఎస్ఎంటీపీ. 1982లో జాన్ పోస్టెల్ రాసిన ప్రమాణం నుంచి ఇప్పటిదాకా దీని మూలసూత్రం ఒకటే. ఒక సర్వర్ మెయిల్ తీసుకుని "250" అనే కోడ్‌తో జవాబిచ్చిందంటే, దాన్ని ముందుకు చేర్చాలి, లేదా చేర్చలేకపోయానని పంపినవాళ్లకి చెప్పాలి. మధ్యలో చడీచప్పుడు లేకుండా పారేయకూడదు. అందుకే మనం వాడబోయే పోస్ట్‌ఫిక్స్ ముందు మెయిల్‌ని డిస్క్ మీద రాసుకుని, ఆ తర్వాతే "250" అంటుంది. కరెంటు పోయినా మెయిల్ క్యూలో ఉంటుంది.

మన ప్రకాశం బ్యారేజీ గుర్తు తెచ్చుకోండి. నీళ్లు ముందు అక్కడ ఆగుతాయి, తర్వాత కాలువల్లోకి వదులుతారు. కింద కాలువకి గండి పడితే గేటు దించి ఆపుతారు. రిలే కూడా అంతే. ముందు దారి లేకపోతే ఆపుకుంటుంది, దారి దొరకగానే వదులుతుంది.

ల్యాబ్ నుంచి నేరుగా పంపేస్తే పోలా?

పోదండీ. సర్వర్ల మధ్య మెయిల్ నడిచేది పోర్ట్ 25 మీద. స్పామ్ భయంతో చాలా నెట్ కంపెనీలు దాన్ని మూసేస్తాయి. అమెజాన్, గూగుల్ క్లౌడ్ సర్వర్లలో కూడా మామూలుగా అది మూసే ఉంటుంది. ఒకవేళ తెరిచి ఉన్నా, బ్రాడ్‌బ్యాండ్ ఐపీ అడ్రస్ అంటే అవతలి సర్వర్లకి నమ్మకం ఉండదు. ఇంటి కనెక్షన్ల ఐపీలకి స్పామ్‌హౌస్ లాంటి సంస్థలు ప్రత్యేకంగా జాబితాలే పెట్టాయి.

అందుకని మన రిలే నేరుగా వెళ్లదు. మంచి పేరున్న ఒక పెద్ద మెయిల్ సర్వర్‌కి పోర్ట్ 587 మీద లాగిన్ అయి, మెయిల్ దానికి అప్పగిస్తుంది. ఆ పెద్ద సర్వర్‌ని స్మార్ట్‌హోస్ట్ అంటారు. అమెజాన్ ఎస్ఈఎస్, జోహో జెప్టోమెయిల్ లాంటివి ఈ పనికే ఉన్నాయి. నేర్చుకోవడానికైతే మామూలు జీమెయిల్ అకౌంటే చాలు. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి యాప్ పాస్‌వర్డ్ తీసుకోండి. రోజుకి 500 మెయిల్స్ పరిమితి ఉంటుంది.

ఇన్‌స్టాల్ చేద్దాం

పాత ల్యాప్‌టాప్ గానీ రాస్ప్‌బెర్రీ పై గానీ ఉంటే చాలు. దాంట్లో డెబియన్ గానీ ఉబుంటు గానీ వేసుకోండి. తర్వాత పోస్ట్‌ఫిక్స్ ప్యాకేజీ పెట్టండి. దీన్ని వీట్సే వెనెమా ఐబీఎంలో ఉన్నప్పుడు తయారు చేశారు, 1998లో విడుదలైంది. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఒక మెనూ వస్తుంది, అందులో "శాటిలైట్ సిస్టమ్" ఎంచుకోండి. బయటికి వెళ్లే మెయిల్ మొత్తం స్మార్ట్‌హోస్ట్‌కి ఇచ్చెయ్ అని అర్థం.

దీంతోపాటు లిబ్‌సాసిల్2 మాడ్యూల్స్ అనే ప్యాకేజీ కూడా పెట్టండి. అది లేకపోతే పాస్‌వర్డ్ కరెక్టుగా ఉన్నా లాగిన్ అవ్వదు.

ఇప్పుడు మెయిన్ కాన్ఫిగ్ ఫైల్ తెరవండి. నాలుగు పనులున్నాయి.

ఒకటి, "రిలేహోస్ట్" దగ్గర స్మార్ట్‌హోస్ట్ పేరు స్క్వేర్ బ్రాకెట్లలో రాసి, పక్కన కోలన్ పెట్టి 587 వేయండి.

రెండు, సాసిల్ లాగిన్ ఆన్ చేయండి.

మూడు, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ వేరే ఫైల్‌లో పెట్టి, రూట్ తప్ప ఎవరూ చదవకుండా పర్మిషన్ 600 చేయండి. ఆ ఫైల్ మీద పోస్ట్‌మ్యాప్ కమాండ్ నడపండి.

నాలుగు, టీఎల్ఎస్ లెవెల్ "ఎన్‌క్రిప్ట్" అని పెట్టండి. స్మార్ట్‌హోస్ట్ దాకా పేషెంట్ రిపోర్టు తెరిచిన ఉత్తరంలా వెళ్లకూడదు కదా.

పోస్ట్‌ఫిక్స్ రీలోడ్ చేయండి. ల్యాబ్ సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో మెయిల్ సర్వర్‌గా ఈ మెషీన్ ఐపీ ఇవ్వండి.

లాకులు ఎత్తేసి పెట్టకండి

ఇది జాగ్రత్తగా వినండి. "మై నెట్‌వర్క్స్" సెట్టింగ్‌లో ఎవరుంటే వాళ్ల మెయిల్‌ని రిలే పాస్‌వర్డ్ అడక్కుండా పంపేస్తుంది. అక్కడ మెషీన్ సొంత అడ్రస్, మీ ల్యాబ్ లోపలి నెట్‌వర్క్ మాత్రమే ఉండాలి, ఉదాహరణకి 192.168.1.0/24. పని చెయ్యట్లేదని ప్రపంచం మొత్తానికి తెరిచేస్తే దాన్ని ఓపెన్ రిలే అంటారు. ఊరందరి చెత్తా మీ కాలువలోంచే పోతుంది. స్మార్ట్‌హోస్ట్ మీ అకౌంట్ ఆపేస్తుంది, ఆ రోజు నుంచి నిజమైన రిపోర్టులు కూడా ఆగిపోతాయి. రౌటర్‌లో పోర్ట్ 25 ఫార్వర్డింగ్ కూడా పెట్టకండి. బయటినుంచి మెయిల్ తీసుకునే పని మన రిలేకి లేదు.

మీ పేరు మీదే వెళ్తుందని రుజువు

ల్యాబ్‌కి సొంత డొమైన్ ఉంటే డీఎన్ఎస్‌లో రెండు రికార్డులు పెట్టాలి. మా పేరు మీద మెయిల్ పంపే హక్కు ఈ సర్వర్లకే ఉంది అని చెప్పేది ఎస్పీఎఫ్. మెయిల్ మీద వేసే డిజిటల్ సంతకం డీకిమ్. ఎస్పీఎఫ్‌లో స్మార్ట్‌హోస్ట్ పేరు రావాలి, డీకిమ్ సంతకం కూడా స్మార్ట్‌హోస్టే వేస్తుంది. జీమెయిల్ అకౌంట్లకి పంపేవాళ్లందరికీ ఈ రెండింటిలో కనీసం ఒకటి ఉండాలని గూగుల్ 2024 ఫిబ్రవరిలో నియమం పెట్టింది. మీరు రెండూ పెట్టుకోండి.

నెట్ పోయినప్పుడే అసలు పరీక్ష

2024 సెప్టెంబర్ మొదటి వారం మన ఊరు మర్చిపోయేది కాదు. బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు కాలనీలు నీళ్లలో ఉండిపోయాయి. బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. రోజుల తరబడి కరెంటు లేని ఇళ్లున్నాయి.

పోస్ట్‌ఫిక్స్ మామూలుగా 5 రోజులు ఓపిక పడుతుంది. మొదట్లో కొన్ని నిమిషాలకోసారి, తర్వాత సుమారు గంటకోసారి ట్రై చేస్తుంది. జవాబు కోడ్ 4తో మొదలైతే "తర్వాత రా" అని, మళ్లీ వెళ్తుంది. 5తో మొదలైతే "కుదరదు" అని, వెంటనే పంపినవాళ్లకి వెనక్కి చెప్తుంది. 5 రోజులు దాటినా చేరకపోతే అప్పుడూ చెప్తుంది. అందుకే పంపే అడ్రస్ ఎవరో ఒకరు రోజూ చూసేదై ఉండాలి.

కానీ రక్తపరీక్ష రిపోర్టు 5 రోజులకి వెళ్తే ఏం లాభం? "డిలే వార్నింగ్ టైమ్" 4 గంటలు పెట్టండి, ఆలస్యమైతే హెచ్చరిక మెయిల్ వస్తుంది. ఇక్కడో చిక్కుంది. నెట్ లేకపోతే ఆ హెచ్చరిక కూడా అదే క్యూలో ఇరుక్కుంటుంది. కాబట్టి ల్యాబ్ మూసే ముందు ఎవరైనా "మెయిల్‌క్యూ" కమాండ్ కొట్టి చూడాలి. ఖాళీగా ఉంటే ఇంటికెళ్లొచ్చు. ఏదైనా మిగిలి ఉంటే ఆ పేషెంట్‌కి ఫోన్ చేసి చెప్పాలి. మెషీన్‌ని యూపీఎస్ మీద పెట్టండి, నేల మీద మాత్రం పెట్టకండి.

చివరగా టెస్ట్. మీ జీమెయిల్‌కి ఒక మెయిల్ పంపి, కంప్యూటర్ బ్రౌజర్‌లో తెరిచి "షో ఒరిజినల్" నొక్కండి. ఎస్పీఎఫ్, డీకిమ్ దగ్గర "పాస్" కనిపించాలి. ఇంకోటి గుర్తుంచుకోండి, రిలే లాగ్‌లో "సెంట్" అని ఉంటే స్మార్ట్‌హోస్ట్ తీసుకుందని మాత్రమే అర్థం. అక్కడి నుంచి మాట ఇచ్చింది స్మార్ట్‌హోస్ట్, కాబట్టి దాని డ్యాష్‌బోర్డ్ కూడా చూడాలి.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఆ మెయిల్ లాగ్‌ని లైన్ లైన్ చదవడం నేర్చుకుందాం. ఈలోపు మీరు ఒక పని చేయండి. రిలే పెట్టాక నెట్ కేబుల్ పీకి, ఒక మెయిల్ పంపి, పది నిమిషాలాగి కేబుల్ పెట్టండి. కాసేపటికి మెయిల్ చేరితే మీ రిలే మాట నిలబెట్టుకున్నట్టే. ఉంటా మరి, బై.