పార్శ్వపు నొప్పి మందు: దాని చుట్టరికం

తలలో ఒక పక్కనే పట్టి పీడించే నొప్పిని అరబ్బు వైద్యులు 'షఖీఖా' అన్నారు. ఇబ్నె సీనా తన 'అల్ ఖానూన్'లో దీనిని చర్చించాడు. మన ఇళ్లలో ఆధాసీసీ అనీ, పార్శ్వపు నొప్పి అనీ అంటారు. ఇది తరచుగా వచ్చేవారికి, రాకుండా ఆపడానికి ఇచ్చిన మందులలో మెథిసెర్జైడ్ ఒకటి. ఇటలీ వైద్యుడు సికుటెరి 1959లో దీని గుణాన్ని వెల్లడించాడు. అయితే ఇది ఎల్.ఎస్.డి. అనే భ్రాంతి పుట్టించే ద్రవ్యానికి దగ్గరి చుట్టమని తెలిసినప్పుడు, దీనిని మింగవచ్చునా అనే సందేహం కలుగుతుంది. సందేహం సహజమే. కాని ముందు వస్తువు ఏమిటో తెలుసుకోవాలి.

రై అనే ధాన్యపు కంకులకు ఎర్గాట్ అనే బూజు పడుతుంది. ఆ ధాన్యంతో రొట్టె తిని మధ్యయుగపు ఐరోపాలో జనం కాళ్లూ చేతులూ కుళ్లి చనిపోయారు. ఆ విషంలోనే మందూ ఉన్నది. స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో, సాండోజ్ కంపెనీలో, 1918లో స్టోల్ ఆ బూజు నుండి ఎర్గోటమైన్‌ను వేరు చేశాడు. అదీ పార్శ్వపు నొప్పికి మందే అయినది. అక్కడే హాఫ్‌మన్ 1938లో ఎల్.ఎస్.డి.ని తయారు చేశాడు. దాని భ్రాంతి గుణం 1943లో గాని అతనికి తెలియలేదు. ఎల్.ఎస్.డి.కి, మెథిసెర్జైడ్‌కు మూలం ఒక్కటే, లైసర్జిక్ ఆమ్లం. దానికి తగిలించిన అణు సముదాయాలు మాత్రమే వేరు. ఆ కొద్ది తేడాతోనే పని మారిపోయినది. ఎల్.ఎస్.డి. మిల్లీగ్రాములో పదో వంతుకే మనస్సును తలకిందులు చేస్తుంది. మెథిసెర్జైడ్ రోజుకు కొన్ని మిల్లీగ్రాములు ఇచ్చినా సాధారణంగా అట్టిది జరగదు. మోతాదు బాగా మించితే మాత్రం మనస్సుపై ప్రభావం కనబడవచ్చు. కాన్పు తరువాత రక్తస్రావం ఆగడానికి మన ఆసుపత్రులలో ఇచ్చే మెథర్జిన్ కూడా ఈ కుటుంబంలోనిదే. మెథిసెర్జైడ్ శరీరంలో చాలావరకు ఆ పదార్థంగానే మారుతుంది. మెథర్జిన్‌ను ఎవరూ మత్తుపదార్థమనరు కదా!

మద్యం నిషేధానికి జమ్‌హూర్ ఫుఖహాలు చెప్పిన ఇల్లత్, అనగా కారణం, మత్తు. మద్యం తనంతట తాను సిర్కాగా మారితే అది హలాలని అందరూ అంగీకరించారు. అక్కడ మూలాన్ని కాదు, గుణాన్ని చూశారు. ఇది ఫత్వా కాదు. ముఫ్తీ ముందుకు వెళ్లేవారు వస్తువు స్వభావాన్ని సరిగా చెప్పగలగాలనే ఈ వివరణ.

నిజానికి ఈ మందులో భయపడవలసినది వేరే ఉన్నది. దీర్ఘకాలం వాడిన కొందరికి కడుపు వెనుక భాగంలో గట్టి పీచు కణజాలం పెరిగి, మూత్రనాళాలను నొక్కివేస్తుందని 1960లలోనే బయటపడినది. గుండె కవాటాలకూ, ఊపిరితిత్తుల పొరలకూ ఇట్టి హాని కలుగవచ్చు. అందువలన అమెరికాలో దీని అమ్మకం నిలిచిపోయినది. ఇతర మందులు పనిచేయని తీవ్రమైన కేసులకే దీనిని పరిమితం చేయాలనీ, ఆరు నెలలకొకసారైనా విరామం ఇవ్వాలనీ 2014లో ఐరోపా ఔషధ సంస్థ సూచించినది. దీనిని వాడేవారికి నడుము నొప్పి పట్టినా, మూత్రం తగ్గినా, కాళ్లు వాచినా ఆలస్యం చేయక డాక్టరుకు చెప్పాలి.