మీకు తెలుసా? కూర్చున్న చోటే పుండు!

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో తాటిచెట్టు మీంచి జారిపడిన గీత కార్మికుడికి వెన్నుపాము దెబ్బతింటే, ప్రాణం దక్కినా నడుము కింద స్పర్శ పోవచ్చు. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు చేసేదీ అంతే, కాకపోతే నిదానంగా: ముదిరిన ఫ్లోరోసిస్‌లో పెరిగిన ఎముక వెన్నుపామును నొక్కేస్తుంది. నల్లగొండ ఫ్లోరోసిస్ గురించి డాక్టర్ సిద్దిఖీ 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు.

స్పర్శ లేనివారికి తిమ్మిరి తెలియదు, కదలరు. పిరుదుల ఎముకల కింద రక్తం ఆడక కండ, చర్మం చచ్చి పుండు పడుతుంది. కూర్చున్నచోట చర్మం మీద ఒత్తిడి 32 మి.మీ. పాదరసం దాటకూడదని చాలాకాలం చెప్పుకున్నారు. తమాషా ఏమిటంటే, ఆ అంకె 1930లో లాండిస్ అనే శాస్త్రవేత్త వేలిగోటి మొదట్లోని రక్తకేశనాళికల్లో కొలిచింది! కూర్చోవడంతో దానికి సంబంధమే లేదు.

ఈ ఒత్తిడిని తగ్గించడానికి 1970లలో అమెరికా ఇంజినీరు రాబర్ట్ గ్రేబ్ గాలి అరల మెత్త తెచ్చారు. కలిసి ఉన్న అరల్లో గాలి అటూ ఇటూ సర్దుకుని బరువును పంచుతుంది. గాలి ఎక్కువ కొడితే మాత్రం అదీ గట్టిబల్లే. మధ్యలో చిల్లున్న ట్యూబు అసలొద్దు, దాని అంచే రక్తాన్ని ఆపుతుంది. ఏ మెత్త ఉన్నా అరగంటకోసారి ముందుకు బాగా వంగి రెండు నిమిషాలు ఉండాలి. పుండు పడ్డాక మాత్రం, మానేదాకా దాని మీద బరువు పడకుండా చూడాలి.