మేడ ఎక్కితే మాట ఎందుకు తెగుతుంది?

ఒక పెద్ద ఆస్పత్రిని ఊహించుకోండి. నర్సు వైఫై ఫోనులో డాక్టరుగారికి రోగి పరిస్థితి చెబుతూ మెట్లెక్కుతోంది. రెండో అంతస్తు చేరేసరికి మాట ఠక్కున తెగిపోయింది. చూస్తే సిగ్నల్ గీతలు నిండుగానే ఉన్నాయి! మరి లోపం ఎక్కడ?

గోడలు, శ్లాబులు దాటేసరికి రేడియో తరంగాలు నీరసిస్తాయి. అందుకే పెద్ద భవనాల్లో వైఫై పెట్టెలు చాలా బిగిస్తారు. మీరు నడుస్తుంటే ఒక పెట్టెను వదిలి మరో పెట్టెను పట్టుకునేది మీ ఫోనే. కొత్త పెట్టె దగ్గర మళ్లీ తానెవరో చెప్పుకోవాలి కదా! ఆ తతంగాన్ని కుదించడానికి 2008లో 802.11ఆర్ అనే ప్రమాణం వచ్చింది. ఇంతవరకు పెద్ద చిక్కు లేదు.

అసలు చిక్కు అడ్రసుతో వస్తుంది. ఒకచోటి రద్దీ మరోచోటికి పాకకుండా నెట్‌వర్కును ముక్కలు చేస్తారు. ఆ ముక్కే సబ్‌నెట్. ఫోను ఐపీ అడ్రసులోని ముందు అంకెలు అది ఏ ముక్కలో ఉందో చెబుతాయి, 1972 నుంచి మనం వాడుతున్న పిన్‌కోడు లాగానే. కింద 10.1.1.25 అయిన ఫోను పైన 10.1.2.40 కావచ్చు. డాక్టరుగారి మాటలేమో సెకనుకు దాదాపు 50 చిన్న పొట్లాలుగా పాత అడ్రసుకే వస్తుంటాయి. ఖాళీ చేసిన ఇంటి తలుపు కొడుతున్నాయన్నమాట!

పాత అడ్రసునే పైకి తీసుకుపోతే? లాభం లేదు. దారి చూపే రౌటరు ఆ అంకెలు చూసి పొట్లాలను కిందికే తోలుతుంది.

మీరు ఇల్లు మారితే ఏం చేస్తారు? పాత పోస్టాఫీసులో కొత్త చిరునామా రాసిస్తారు. ఇంజనీర్లూ అదే చేశారు, కాస్త గడుసుగా. కింది అంతస్తుకు వచ్చిన కవరును విప్పకుండా, మరో కవరులో పెట్టి పైకి పంపుతారు. పైకవరు చింపితే లోపల పాత అడ్రసు చెక్కుచెదరదు. ఫోనులో మాటలు వినిపించే ప్రోగ్రాముకు తాను కదిలిన సంగతే తెలియదు! ఈ ఏర్పాటును టన్నెల్ అంటారు. 1996లో 'మొబైల్ ఐపీ' పేరుతో దీన్ని ప్రమాణంగా రాశారు. ఈనాటి పెద్ద భవనాల్లో వైఫై పెట్టెలను నడిపే కంట్రోలరు ఇలాంటి పనే చేస్తుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. డాక్టరుగారు పైఅంతస్తులో పక్కగదిలోనే ఉన్నా, ఆయన మాట కిందికి దిగి మళ్లీ మేడెక్కి రావలసిందే! చుట్టుదారే, కానీ మాట తెగడం కన్న నయం.

మీ బడిలో వైఫై ఉంటే ఫోను సెట్టింగుల్లో ఐపీ అడ్రసు రాసుకోండి. మేడెక్కి మళ్లీ చూడండి. మూడో అంకె మారిందా?