సాసుకే ఉచిహా

సాసుకే ఉచిహా జపాను చిత్రకథా రచయిత మసాషి కిషిమోతో సృష్టించిన నరుటో అనే మాంగాలోని ఒక ముఖ్య పాత్ర. కథానాయకుడైన నరుటో ఉజుమాకికి ఇతడు సహపాఠి, మిత్రుడు, ప్రత్యర్థి. తన వంశాన్ని నాశనం చేసిన అన్నపై పగ తీర్చుకొనుటకు తగిన బలం కావాలనే తపనతో, మిత్రులపై పెరిగిన అసూయతో, ఇతడు చిన్న వయసులోనే తన గ్రామాన్ని విడిచి ఆ గ్రామానికి బద్ధశత్రువైన ఒరోచిమారు వద్ద శిష్యునిగా చేరతాడు. ఈ ద్రోహం, దాని పర్యవసానాలు కథ చివరి వరకు కొనసాగుతాయి.

పేరు

సాసుకే అనే పేరు జపాను జానపద కథలలో ప్రసిద్ధుడైన సరుతోబి సాసుకే అనే నింజాను గుర్తుకు తెస్తుంది. ఉచిహా అనే ఇంటిపేరు విసనకర్ర అని అర్థమిచ్చే జపనీయ పదానికి సంబంధించినది. ఈ వంశీకులు ధరించే చిహ్నం కూడా ఎరుపు, తెలుపు రంగులలో ఉన్న విసనకర్రయే.

నేపథ్యం

సాసుకే కొనోహా అనే నింజా గ్రామంలోని ఉచిహా వంశంలో జన్మించాడు. షారింగన్ అనే ప్రత్యేక నేత్రశక్తి ఈ వంశానికి వారసత్వంగా వస్తుంది. ఇతని అన్న ఇటాచి అసాధారణ ప్రతిభావంతుడు. తండ్రి దృష్టి ఎల్లప్పుడూ అన్నపైనే ఉండుట వలన సాసుకే బాల్యం నుండే ఆ మెప్పు కోసం తపించాడు. ఒక రాత్రి ఇటాచి తల్లిదండ్రులతో సహా వంశీకులందరినీ సంహరించి తమ్ముణ్ణి మాత్రం ప్రాణాలతో విడిచిపెట్టాడు. తనను ద్వేషిస్తూ బతకమనీ, తగినంత బలం వచ్చాక తన ఎదుటికి రమ్మనీ చెప్పి వెళ్ళిపోయాడు. నాటి నుండి సాసుకే జీవితానికి పగ ఒక్కటే లక్ష్యమైనది.

విద్యాలయంలో సాసుకే ప్రథమ శ్రేణి విద్యార్థి. నరుటో అందరికంటే వెనుకబడినవాడు. వీరిద్దరూ, సకురా హరునో అనే బాలిక కలిసి కకాషి హటాకే అనే గురువు వద్ద ఏడవ దళంగా ఏర్పడ్డారు. తొలి కార్యాలలో ఒకదానిలో నరుటోను కాపాడుటకు సాసుకే తన శరీరాన్నే అడ్డుపెట్టాడు. ఈ దశలో అతనికి మిత్రులపై గల ప్రేమ నిజమైనదే.

అసూయ పెరిగిన క్రమం

సాసుకే పతనం ఒక్క రోజులో జరిగినది కాదు. చునిన్ పరీక్షల సమయంలో ఒరోచిమారు అతని మెడపై ఒక శాపముద్ర వేశాడు. అది బలాన్నిచ్చే ముద్ర, ఒక ఎర కూడా. ఆ తరువాత సాసుకే ఓడించలేకపోయిన గారాను నరుటో ఓడించాడు. కొంత కాలానికి ఇటాచి గ్రామానికి తిరిగి వచ్చాడు. అయితే అతడు వెదుకుతున్నది తమ్ముణ్ణి కాదు, నరుటోను. ఎదురువెళ్ళిన సాసుకేను అతడు సునాయాసంగా చిత్తుచేశాడు. ఇన్నేళ్ళ సాధన వ్యర్థమైనదనీ, వెనుకబడినవాడనుకొన్న మిత్రుడు తనను మించిపోతున్నాడనీ సాసుకే భావించాడు.

వైద్యశాల మేడపై జరిగిన ద్వంద్వయుద్ధంలో ఈ అసూయ బయటపడింది. ఇద్దరూ తమ అత్యంత ప్రమాదకరమైన విద్యలను ఒకరిపై ఒకరు ప్రయోగించగా కకాషి వారిని విడదీశాడు. నరుటో దెబ్బ తగిలిన నీటి తొట్టికి ముందువైపు చిన్న రంధ్రమే కనిపించింది. కానీ దాని వెనుకభాగం పూర్తిగా బద్దలై ఉండుట చూచి సాసుకే రగిలిపోయాడు. పగ తీర్చుకొన్నవానికి మిగిలేది శూన్యమేననీ, పోగొట్టుకొన్నవారి స్థానంలో కొత్త ఆత్మీయులు దొరికారనీ కకాషి హితవు చెప్పాడు. అదే రోజు ఒరోచిమారు అనుచరులు నలుగురు వచ్చి, ఇక్కడ ఉన్నంత కాలం బలం రాదని సాసుకేను ప్రలోభపెట్టారు.

గ్రామాన్ని విడిచిపోవుట

ఆ రాత్రి దారిలో సకురా కన్నీళ్ళతో అడ్డుపడింది. సాసుకే ఆమెకు కృతజ్ఞత చెప్పి, స్పృహ తప్పించి వెళ్ళిపోయాడు. అతడు ఆశ్రయించిన ఒరోచిమారు కొంతకాలం క్రితమే గ్రామంపై దాడి చేసి, ఒకప్పటి తన గురువైన మూడవ హొకాగేను చంపినవాడు. అంతేగాక షారింగన్ కోసం శిష్యుని శరీరాన్నే స్వాధీనం చేసుకొనదలచినవాడు.

సాసుకేను వెనుకకు తెచ్చుటకు షికమారు నాయకత్వంలో నరుటో, చోజి, నేజి, కిబా బయలుదేరారు. ఈ ప్రయత్నంలో చోజి, నేజి మృత్యుముఖం వరకు వెళ్ళారు. చివరకు ఒక జలపాతం వద్ద నరుటో, సాసుకే తలపడ్డారు. సాసుకే గెలిచాడు, కానీ నరుటోను చంపలేదు. అత్యంత ఆప్తుడైన మిత్రుణ్ణి చంపితే తన వంటి నేత్రశక్తి లభిస్తుందని ఇటాచి చెప్పియున్నాడు. అన్న చూపిన మార్గంలో బలం పొందుటకు సాసుకే ఇష్టపడలేదు.

ఒరోచిమారు కూడా ఒకప్పుడు ఇదే గ్రామాన్ని విడిచిన శిష్యుడు. అతని మిత్రుడు జిరాయా అతణ్ణి ఆపబోయి విఫలుడైనాడు. ఆ అనుభవంతోనే సాసుకేను మరచిపొమ్మని జిరాయా నరుటోకు చెప్పాడు. నరుటో అందుకు అంగీకరించలేదు.

నిజం తెలిసిన తరువాత

సుమారు మూడేళ్ళ శిక్షణ పిమ్మట సాసుకే ఒరోచిమారుపై తిరగబడి అతణ్ణి తనలో లీనం చేసుకొన్నాడు. ఇటాచితో జరిపిన పోరు అన్న మరణంతో ముగిసింది. అప్పుడే అసలు విషయం తెలిసింది. ఉచిహా వంశీకులు తిరుగుబాటుకు సిద్ధమవుతుండగా, గ్రామ పెద్దల ఆదేశంపై ఇటాచి వారిని సంహరించాడు. తమ్ముణ్ణి మాత్రం చంపలేక, ద్రోహి అనే నిందను తానే మోశాడు. మిత్రులను వదులుకొని సాధించిన పగకు ఆధారమే అసత్యమని తేలినా సాసుకే శాంతించలేదు. పగను గ్రామంపైకి మళ్ళించి అకాత్సుకి అనే దుష్టకూటమితో చేతులు కలిపాడు.

తరువాత జరిగిన మహాయుద్ధంలో అతడు మనసు మార్చుకొని గ్రామం పక్షాన పోరాడాడు. యుద్ధానంతరం లోకవ్యవస్థను ఒంటరిగా మార్చివేయాలని సంకల్పించి, అదే జలపాతం వద్ద నరుటోతో మరల తలపడ్డాడు. ఆ పోరులో ఇద్దరూ చెరొక చేయి కోల్పోయారు. అక్కడే సాసుకే తన ఓటమిని అంగీకరించి, ప్రాయశ్చిత్తంగా దేశాటనకు బయలుదేరాడు.

పాత్ర స్వభావం

సాసుకే చెడును ప్రేమించి చెడువైపు వెళ్ళినవాడు కాదు. బంధాలు మనిషిని బలహీనపరుస్తాయని నమ్మినవాడు. మిత్రుని విజయం అతనికి తన ఓటమిగా కనిపించింది. ఆ లోటును గుర్తించి బలం ఇస్తానన్న శత్రువు ఆప్తునిగా తోచాడు. అతణ్ణి వెనుకకు తెచ్చినది కూడా అతనికంటే గొప్ప బలం కాదు. ఎన్నిసార్లు తిరస్కరించినా మిత్రుడు అనే మాటను నరుటో వదలకపోవుటయే అందుకు కారణం.

ప్రచురణ, ఇతర మాధ్యమాలు

నరుటో మాంగా వీక్లీ షోనెన్ జంప్ పత్రికలో 1999 నుండి 2014 వరకు 700 అధ్యాయాలుగా వెలువడింది. షుయేషా సంస్థ దీనిని 72 సంపుటాలుగా ప్రచురించింది. దీని ఆధారంగా పియెరో సంస్థ నిర్మించిన అనిమే 2002 నుండి 2007 వరకు 220 భాగాలుగా, దాని కొనసాగింపైన నరుటో షిప్పుడెన్ 2007 నుండి 2017 వరకు 500 భాగాలుగా ప్రసారమైనవి. జపనీయ భాషలో సాసుకేకు నోరియాకి సుగియామా గాత్రదానం చేశాడు. 2015లో విడుదలైన బొరుటో చలనచిత్రంలో సాసుకే నరుటో కుమారునికి గురువుగా కనిపిస్తాడు.